పక్కింటి నుంచి తెచ్చుకున్న నిప్పు

(ఇల్లినాయ్ రాష్ట్రం అరోరాలో వారాంతపు తెలుగు బడి తల్లిదండ్రుల సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? పిల్లలూ, ఆ చిప్స్ ప్యాకెట్ ఇప్పుడే తెరిచెయ్యండి, మధ్యలో అయితే ఆ చప్పుడుకి నా మాట నాకే వినపడదు.

"మన పిల్లలకి మన భాష ఎందుకు నేర్పాలి" అన్న దాని మీద మాట్లాడమన్నారు నన్ను. ఈ బడిలో నేను పాఠం చెప్పడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ప్రతి ఏడూ ఎవరో ఒకరు దాని మీద మాట్లాడుతూనే ఉన్నారు. కొత్తగా చెప్పేదేమీ నా దగ్గర లేదు. అందుకని కమిటీవాళ్ళని బతిమాలి విషయం మార్చుకున్నాను. మనం ఇళ్ళు కట్టుకుని ఉంటున్న ఈ నేల ఎవరిదో, వాళ్ళిప్పుడు ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో చెప్తాను.

మీ పిల్లల్లో చాలామంది వాబన్సీ వ్యాలీ హైస్కూల్లో చదువుతున్నారు. మా అబ్బాయీ అక్కడే చదివాడు. నాలుగేళ్ళు పొద్దున దింపాను, సాయంత్రం ఎక్కించుకొచ్చాను. ఆ పేరేమిటని ఒక్కరోజు కూడా అడగలేదు. ఏదో ఇంగ్లీషు పేరులే అనుకున్నాను. అది ఒక మనిషి పేరు. వాబన్సీ అని, పొటవాటమీ అనే ఇక్కడి ఆదివాసీ జాతికి నాయకుడు. ఈ ఫాక్స్ నది పక్కన, ఇప్పుడు అరోరా ఉన్నచోట ఆయన జనం ఉండేవారు. నేపర్‌విల్ వైపు నుంచి బాలాజీ గుడికి వెళ్ళేటప్పుడు వంతెన మీద దాటుతామే, ఆ నది.

నాకీ సంగతి చెప్పింది పుస్తకం కాదు. నేను పనిచేసే చోట నాతో పాటు ఒకావిడ ఉంది. పేరు చెప్పను, ఆవిడకి ఇష్టం ఉండదు. అరవై దాటాయి. ఇంటిపేరు ఫ్రెంచివాళ్ళది. తెల్లగా ఉంటుంది. ఒకరోజు భోజనాల దగ్గర, "నేనూ ఇండియన్నే" అంది. నేను నవ్వాను. ఆవిడా నవ్వింది. "నువ్వు ఏ ఇండియన్?" అని ఒకళ్ళనొకళ్ళం అడుక్కోవడం అప్పటినుంచీ మాకొక అలవాటైపోయింది. ఆవిడ పొటవాటమీ.

ముందు వాళ్ళెవరో కొంచెం చెప్పాలి. వాళ్ళు తమని తాము బొడెవాడ్మి అనుకుంటారు. నిప్పు కాపాడేవాళ్ళు అని దానికి అర్థం చెప్తారు. ఒజిబ్వే, ఒడావా, పొటవాటమీ, ఈ మూడు జాతులూ అన్నదమ్ములు. పెద్దవాడు ఒజిబ్వే, నడిపివాడు ఒడావా, చిన్నవాడు పొటవాటమీ. మూడు నిప్పుల కూటమి అంటారు ఆ ముగ్గురినీ కలిపి. అందరి నిప్పూ ఆరిపోకుండా చూసుకునే పని చిన్నవాడిది.

మా అమ్మమ్మగారి ఊరు కంకిపాడు దగ్గర. పొద్దున్నే పొయ్యిలో నిప్పు లేకపోతే అమ్మమ్మ అగ్గిపెట్టె వెతికేది కాదు. పిడక ముక్క ఒకటి పట్టుకుని పక్కింటికి వెళ్ళేది. వాళ్ళ పొయ్యిలో కాస్త అంటించుకుని, గాలికి ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని గబగబా వచ్చేది. రేపు వాళ్ళ పొయ్యి ఆరిపోతే వాళ్ళు మా ఇంటికి వస్తారు. పొటవాటమీల కథ నాకు ఇప్పటికీ ఆ పిడక ముక్కలాగే కనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

ఒప్పందాల గురించి ఎక్కువ చెప్పను. వరసపెట్టి ఉన్నాయి. అన్నీ ఒకలాగే ఉంటాయి, అప్పుల నోటుల్లాగా. 1830లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. మిసిసిపీ నదికి తూర్పున ఉన్న జాతులని పడమటికి పంపించాలని. 1833లో షికాగోలో ఒక ఒప్పందం జరిగింది. దాంతో ఈ చుట్టుపక్కల దాదాపు 50 లక్షల ఎకరాలు పొటవాటమీలు, వాళ్ళ అన్నదమ్ములు వదులుకోవాల్సి వచ్చింది. మన ఇళ్ళు, మన గుడి, ఈ హాలు, మనం సరుకులు కొనుక్కునే దేశీ కొట్లు, అన్నీ ఆ తరవాత వచ్చినవే.

సంతకం పెట్టనివాళ్ళూ ఉన్నారు. ఇండియానాలో ట్విన్ లేక్స్ దగ్గర మెనామినీ అనే నాయకుడు ఉండేవాడు. తన నేల తాను అమ్మలేదు, అమ్మడు, కదలడు. అదీ ఆయన మాట. 1838 ఆగస్టు ఆఖరులో మాట్లాడుకుందాం రండని జనాన్ని పిలిచి, తుపాకులతో చుట్టుముట్టారు. సెప్టెంబరు 4న నడిపించడం మొదలుపెట్టారు. 859 మంది. ఇండియానా నుంచి కాన్సస్ దాకా, 660 మైళ్ళు, రెండు నెలలు. ఇల్లినాయ్ మీదుగానే వెళ్ళారు. డాన్‌విల్, స్ప్రింగ్‌ఫీల్డ్, క్విన్సీ. ఆ ఏడు వానల్లేవు. దారిలో మంచినీళ్ళు దొరకలేదు, జ్వరాలు పట్టుకున్నాయి. 40 మందికి పైగా పోయారు. ఎక్కువమంది చంటిపిల్లలు. వాళ్ళతో పాటు ఒక ఫ్రెంచి పాదిరీ నడిచాడు, బెంజమిన్ పెటీ అని. పాతికేళ్ళు దాటిన కుర్రాడు. దారిలో ఆయనకీ జబ్బు చేసింది. తిరుగు ప్రయాణంలో 1839 ఫిబ్రవరిలో సెయింట్ లూయిస్‌లో పోయాడు. ఆ నడకని చావుబాట అంటారు.

అందరూ వెళ్ళిపోలేదు. మిషిగన్‌లో లియపోల్డ్ పొకేగన్ అనే నాయకుడు తన వాళ్ళు అక్కడే ఉండేలా మాట తీసుకున్నాడు. కొందరు ఉత్తరాన విస్కాన్సిన్ అడవుల్లోకి జారుకున్నారు. కొందరు కెనడా వెళ్ళిపోయారు. కాన్సస్ చేరినవాళ్ళు 1861 ఒప్పందం దగ్గర మళ్ళీ రెండుగా చీలారు. నేల అంతా కలిపే ఉంచుకుంటామన్నవాళ్ళు ప్రెయిరీ బ్యాండ్ అయ్యారు. ఎవరి ముక్క వాళ్ళం తీసుకుని అమెరికా పౌరులమవుతామన్నవాళ్ళు సిటిజన్ పొటవాటమీలు అయ్యారు. పౌరసత్వంతో పాటు పన్నులూ వచ్చాయి, మోసగాళ్ళూ వచ్చారు. కొన్నేళ్ళలోనే ఆ నేల చేజారిపోయింది. వాళ్ళు ఓక్లహోమా వెళ్ళారు. అక్కడా పంచారు. పంచగా మిగిలిందని చెప్పి 1891లో గుర్రాల మీద పరిగెత్తుకొచ్చిన పరాయివాళ్ళకి ఇచ్చేశారు.

ఒక పొయ్యిలోని నిప్పుకణికలు ఇలా ఎక్కడెక్కడికో చెదిరిపోయాయి. అమెరికాలో ఇప్పుడు పొటవాటమీల గుర్తింపు పొందిన బ్యాండ్లు ఏడున్నాయి. బ్యాండ్ అంటే పాటలు వాయించే బ్యాండ్ కాదర్రా పిల్లలూ, జనసమూహం.

మా ఆవిడ, అంటే నా తోటి ఉద్యోగి, సిటిజన్ పొటవాటమీ. ఓక్లహోమాలో షానీ అనే ఊళ్ళో వాళ్ళ కేంద్రం. 38,000 మందికి పైగా సభ్యులు. కానీ ఓక్లహోమాలో ఉన్నది కొంతమందే. 1930ల కరువులో, దుమ్ము తుపాన్లలో చాలా కుటుంబాలు కాలిఫోర్నియా వెళ్ళిపోయాయి. 1950ల్లో ప్రభుత్వమే, పట్నాలకి వెళ్ళండి, పనులు చూపిస్తామని ఆదివాసులని ఊళ్ళు వదిలించింది. అలా వెళ్ళిన కుటుంబం ఈవిడది.

ఈవిడ నానమ్మ చిన్నప్పుడు ఒక మిషన్ బడిలో ఉండేది. ఏ బడో నేను చెప్పను. అలాంటివి దేశమంతా ఉండేవి. పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే ఊళ్ళో 1879లో మొదలైన బడిని చూసి మిగతావి పెట్టారు. దాన్ని స్థాపించిన సైనికాధికారి ప్రాట్, "ఇండియన్‌ని చంపండి, మనిషిని కాపాడండి" అన్నాడు బాహాటంగా. జుట్టు కత్తిరించేవారు. పేరు మార్చేవారు. సొంత భాషలో మాట్లాడితే కొట్టేవారు. 2024లో అమెరికా ప్రభుత్వమే లెక్క తీసి చెప్పింది, అలాంటి బడుల్లో కనీసం 973 మంది పిల్లలు చనిపోయారని. ఆ ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ క్షమాపణ అడిగాడు.

ఆ నానమ్మ బడి నుంచి బతికి బయటికొచ్చింది. పెళ్ళి చేసుకుంది, పిల్లలని కంది. ఎవరైనా అడిగితే, "మేం ఫ్రెంచివాళ్ళం" అనేది. ఇంటిపేరు ఎలాగూ ఫ్రెంచిదే. పాతకాలంలో తోళ్ళ వ్యాపారానికొచ్చిన ఫ్రెంచివాళ్ళతో పొటవాటమీలకి పెళ్ళిళ్ళు జరిగేవి. అందుకే వాళ్ళలో బూరస్సా, వ్యూ, బెర్ట్రాండ్, పెల్టియే లాంటి ఇంటిపేర్లు కనిపిస్తాయి. పిల్లలకి ఒక్క పొటవాటమీ మాట చెప్పలేదు. నిద్రలో మాత్రం ఏదో మాట్లాడేదట. ఏం భాషో పిల్లలకి తెలిసేది కాదు. అడిగితే పొద్దున్నే తిట్టేదట.

నేనది విని, "అయ్యో, పాపం, మర్చిపోయిందా?" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "మర్చిపోలేదు. దాచింది. తన కొడుకుని ఎవరూ కొట్టకూడదని దాచింది" అంది.

ఈ మాట దగ్గర కాసేపు ఆగుతాను. మనం ఈ బడికి వచ్చి, "మా వాడికి తెలుగు రావట్లేదండీ, తెలుగు చచ్చిపోతోందండీ" అనుకుంటాం. నాకూ ఆ బాధ ఉంది, లేదనను. కానీ మన బాధనీ, వాళ్ళ బాధనీ ఒక గాటన కట్టెయ్యకండి. మనం విమానం టికెట్ మనమే కొనుక్కుని వచ్చాం. మన భాష ఎవరూ మన నోట్లోంచి లాగలేదు. సాకర్ ప్రాక్టీసు ఉందని మనమే మానేశాం. అక్కడ ఊళ్ళో మన భాష మాట్లాడేవాళ్ళు కోట్ల మంది ఉన్నారు. వాళ్ళకి ఊళ్ళో ఎవరూ లేరు. మనం మర్చిపోతున్నాం. వాళ్ళ చేత మరిపించారు. చిన్న తేడా కాదిది.

సరే, ఆవిడకి యాభై రెండేళ్ళప్పుడు వాళ్ళ నాన్న పోయాడు. అటక మీద పెట్టెలో కాగితాలు దొరికాయి. వాటిలో తెగ జాబితాలో నానమ్మ పేరున్న కాగితం ఒకటి. ఆవిడ షానీకి ఫోను చేసింది. తనకి హక్కు ఉందో లేదోనని గొంతు వణికిందట. సిటిజన్ పొటవాటమీలు వంశం చూస్తారు, రక్తంలో ఎంత భాగం అని లెక్క కట్టరు. కొన్ని బ్యాండ్లు భాగం లెక్క కడతాయి. దాని మీద వాళ్ళలో వాళ్ళకి పెద్ద వాదులాటలే ఉన్నాయి. అందులో నేను తీర్పు చెప్పేదాన్ని కాదు. ఆవిడకి కార్డు వచ్చింది. కార్డు వస్తే ఏమొస్తుంది? "పర్సులో పెట్టుకున్నాను. తరవాత ఏం చెయ్యాలో తెలియలేదు" అంది.

బయటివాళ్ళం ఇక్కడే పొరబడతాం. నివురు గప్పిన నిప్పు అంటాం కదా, బూడిద ఊదితే చాలు, లోపల ఎర్రగా ఉంటుందని. వాళ్ళ ఇంట్లో ఊదితే బూడిదే లేచింది. ఏమీ లేదు. కణిక కావాలంటే పక్కింటికి వెళ్ళాలి.

ఆ పక్కిళ్ళు ఉన్నాయి. అడవుల్లోకి జారుకున్న ఫారెస్ట్ కౌంటీవాళ్ళు, మిషిగన్ పైభాగంలో హానవిల్‌వాళ్ళు, కాన్సస్‌లో ప్రెయిరీ బ్యాండ్‌వాళ్ళు, వీళ్ళ దగ్గర భాష ఎక్కువ కాలం నిలిచింది. పొకేగన్ బ్యాండ్ కుర్రాళ్ళు కొందరు భాష కోసం విస్కాన్సిన్ వెళ్ళి అక్కడి పెద్దల దగ్గర ఉండి నేర్చుకున్నారు. మన వేదపాఠశాలలో ఉన్నట్టు అనుకోండి, కాకపోతే మంత్రాలు కాదు, వంట చేస్తూ, కట్టెలు కొడుతూ, కబుర్లు చెప్పుకుంటూ. 1994 నుంచి ఏటా బ్యాండ్లన్నీ ఒకచోట కలుస్తున్నాయి. ఒక ఏడు ఒకళ్ళ ఊళ్ళో, మరుసటి ఏడు ఇంకొకళ్ళ ఊళ్ళో. పుట్టినప్పటి నుంచీ ఆ భాష మాట్లాడుతూ పెరిగినవాళ్ళు ఇప్పుడు పది మంది కూడా లేరంటారు. అందుకే ఆ తొందర.

ప్రెయిరీ బ్యాండ్ కాన్సస్‌లో నిలబడిందంటే దానికి ఒక ఆడమనిషి కారణం. మినీ ఎవాన్స్. 1953లో అమెరికా పార్లమెంటు ఒక తీర్మానం చేసింది. కొన్ని తెగల గుర్తింపునే రద్దు చేసెయ్యాలని. కాన్సస్, నెబ్రాస్కాల పొటవాటమీల పేరు ఆ జాబితాలో ఉంది. ఒప్పందాలు లేవు, నేలకి రక్షణ లేదు, ఇక మీరు తెగే కాదు అనడం. మినీ ఎవాన్స్ 1954లో వాషింగ్టన్ వెళ్ళి విచారణలో ఎదురుగా నిలబడి కాదంది. కొన్ని తెగలు అలా రద్దయిపోయాయి. వీళ్ళు రద్దు కాలేదు. జిమ్ థోర్ప్ పేరు మీలో చాలామందికి తెలుసు. అమ్మ వైపు పొటవాటమీ, కార్లైల్‌లో చదివినవాడు, 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచాడు. మరుసటి ఏడే లాగేసుకున్నారు. ఆయన ఒక్కడే విజేత అని మళ్ళీ పూర్తిగా ఒప్పుకోవడానికి 2022 దాకా పట్టింది. ఆయన పేరు అందరికీ తెలుసు, మినీ ఎవాన్స్ పేరు ఎవరికీ తెలియదు. అందుకే ఆవిడ గురించి ముందు చెప్పాను.

నా స్నేహితురాలి సంగతికి వస్తాను. ఆన్‌లైన్ క్లాసులో చేరింది. బుధవారం రాత్రి. యాభై రెండేళ్ళకి అ ఆ లు. పక్క చదరంలో ఎనిమిదేళ్ళ పిల్ల టకటకా చెప్పేస్తుంటే ఈవిడకి నోరు తిరగట్లేదు. మొదటి వారం కెమెరా ఆపేసి ఏడ్చిందట. రెండో వారం ఆపకుండా ఏడ్చిందట. ఆవిడే చెప్పి ఆవిడే నవ్వింది.

ఒకరోజు నా దగ్గరికొచ్చి, "మా భాషలో ఒక గొడవుంది, నీకు అర్థం కాదులే" అంది. ఏమిటన్నాను. "ఇంగ్లీషు 'వీ'కి మాకు రెండు మాటలున్నాయి. నినాన్, గినాన్. నువ్వు లేకుండా మేమైతే ఒకటి, నిన్ను కూడా కలుపుకుంటే ఇంకొకటి. ఎప్పుడూ తప్పు చెప్తున్నాను" అంది.

నేను కుర్చీలోంచి లేచాను. "మేము, మనము!" అన్నాను. ఆవిడకి పదిసార్లు చెప్పాను. నినాన్ మేము, గినాన్ మనము. ఇంగ్లీషువాడికి లేనిది మీకూ మాకూ ఉంది. ఆ సాయంత్రం మేమిద్దరం పని మానేసి ఇదే మాట్లాడుకున్నాం. మీ పిల్లలు "అమ్మా, మేము సినిమాకి వెళ్దాం" అంటే నేను క్లాసులో దిద్దుతాను కదా. అదే తప్పు ఆవిడదీ.

తరవాత నాకొక ఆలోచన వచ్చింది. ఆ ఒప్పందాల కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. అటువైపువాళ్ళు 'వీ' అని రాసినప్పుడల్లా అది మేమా, మనమా? పొటవాటమీలో రాసి ఉంటే ఆ కాగితం మొదటి వాక్యంలోనే గుట్టు బయటపడేది.

ఇంకోటి కూడా ఉంది. వెళ్ళేటప్పుడు వాళ్ళు బమా పి అంటారు. మళ్ళీ కలిసేదాకా అన్నట్టు. ఇక సెలవు అనే మాట లేదు. మా ఇంట్లో "వెళ్తున్నా" అంటే మా అత్తగారు ఊరుకోరు, "వెళ్ళొస్తా అను" అంటారు. మా అత్తగారు ఎప్పుడూ ఓక్లహోమా వెళ్ళలేదు, పాపం. వెళ్ళి ఉంటే బాగా కలిసిపోయేవారు.

జూన్‌లో షానీలో వాళ్ళ కుటుంబాల పండగ జరుగుతుంది. దేశం నలుమూలల నుంచీ వస్తారు. ఏటా కొన్ని మూల కుటుంబాలని గౌరవిస్తారు. ఈవిడ వెళ్ళింది. నన్నూ రమ్మంది, వెళ్ళాను. పావడాల అంచుల మీద రంగు రిబ్బన్లు వరసలుగా కుట్టుకుంటారు. చూడగానే మన పట్టు పరికిణీలు గుర్తొచ్చాయి. ఆవిడ పావడా ఆవిడే కుట్టుకుంది, రిబ్బను ఒకచోట వంకరపోయింది. మ్యూజియం చూపించింది. 2014లో నీళ్ళ పైపు పగిలి ఆ మ్యూజియం మునిగిపోయింది. మళ్ళీ 2018లో తెరిచారు, ముందుకన్నా బాగా. డేగల కోసం పెద్ద పంజరాల్లాంటి ఇళ్ళు ఉన్నాయి, 2012లో కట్టారు. దెబ్బ తగిలి ఇక ఎగరలేని డేగలని అక్కడ పెంచుతారు. వాటికి రాలిన ఈకలు సభ్యులకి ఇస్తారు. ఆదివాసులు కానివాళ్ళు ఈ దేశంలో డేగ ఈక దగ్గర పెట్టుకోవడమే నేరం. ఎగరగలిగినవాటిని వదిలేస్తారు. అలా 2013లో వదిలిన డేగ పేరు వాదసే జాబ్వే. దాని వీపు మీద చిన్న యంత్రం పెట్టి ఎక్కడెక్కడికి తిరుగుతోందో చూసుకుంటూ కూర్చున్నారు, పై చదువుకి వెళ్ళిన కూతురిని చూసుకున్నట్టు.

ఆ పండగలో తెల్లవారుజామున పేరు పెట్టే కార్యం జరుగుతుంది. పెద్దవాళ్ళయ్యాక కూడా పెట్టించుకుంటారు. ఈవిడకి ఆ ఉదయం పేరు వచ్చింది. ఆ కార్యం ఎలా జరుగుతుందో నేను చెప్పను. అది చూసినవాళ్ళు చెప్పుకునే విషయం కాదు. ఒక్కటి మాత్రం చెప్తాను. తిరిగొచ్చాక కారులో, "నానమ్మకి పేరు మార్చారు. నాకు పేరు పెట్టారు" అంది. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

నాకు అన్నింటికన్నా కష్టంగా అనిపించింది బుట్టల సంగతి. పొటవాటమీలు నల్ల యాష్ అనే చెట్టుతో బుట్టలు అల్లుతారు. మన మేదరివాళ్ళు వెదురు చీలుస్తారే, అలా కాదు. నరికిన దుంగని సుత్తితో పొడుగునా కొడుతూ పోతారు. కొట్టగా కొట్టగా ఏడాదికొక వలయంలా పెరిగిన చెక్క పొరలు పొరలుగా ఊడొస్తుంది. ఆ పొరలని సన్నగా చీల్చి, నున్నగా గీకి అల్లుతారు. చాలా శబ్దం, చాలా చెమట. పొకేగన్ కుటుంబాలు ఆ బుట్టలు అమ్ముకుని బతికిన రోజులున్నాయి. అది మళ్ళీ నేర్చుకుంటున్న సమయంలోనే, 2002లో డెట్రాయిట్ దగ్గర ఒక పచ్చ పురుగు బయటపడింది. ఆసియా నుంచి చెక్క పెట్టెల్లో వచ్చి ఉంటుందంటారు. అది యాష్ చెట్టు బెరడు కింద తొలుచుకుంటూ పోతుంది. కోట్ల చెట్లు చచ్చిపోయాయి. మన పక్క వీధుల్లో యాష్ చెట్లు కొట్టేసి మొద్దులు మిగిల్చారే, అదీ ఈ పురుగు పనే. నేర్చుకునే చేతులు దొరికేసరికి చెట్టు పోతోంది. ఆదివాసులు ఇప్పుడు విత్తనాలు ఏరి దాస్తున్నారు. ఆ విత్తనం మళ్ళీ దుంగ అయ్యేసరికి ఎన్ని తరాలు పడుతుందో.

ఇక మన పొరుగు కథ చెప్పి ముగిస్తాను. ఇక్కణ్ణుంచి పడమటికి ముప్పావుగంట వెళితే షబ్బోనా ఊరు, చెరువు ఉన్నాయి. ఆ పేరు కూడా ఒక మనిషిదే. షబ్బోనా పుట్టుకతో ఒడావా, పొటవాటమీలకి నాయకుడయ్యాడు. 1829 ఒప్పందంలో ఆయన పేరు మీద 1,280 ఎకరాలు కేటాయించారు. రిజర్వేషన్ అంటారు దాన్ని. మన ఎంసెట్ రిజర్వేషన్ కాదు, తెగకి విడిచిపెట్టిన నేల. 1832లో బ్లాక్ హాక్ అనే ఇంకో ఆదివాసీ నాయకుడికీ తెల్లవాళ్ళకీ యుద్ధం వచ్చినప్పుడు షబ్బోనా గుర్రమెక్కి ఊరూరూ తిరిగి తెల్లవాళ్ళకి ముందే చెప్పాడు, దాడి జరగబోతోంది పారిపొండని. చాలామంది బతికారు.

1849లో ఆయన కాన్సస్‌లో బంధువులని చూడటానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ప్రభుత్వం ఆయన నేలని వేలం వేసి అమ్మేసింది. ఊళ్ళో లేడు కాబట్టి వదిలేసినట్టే అని కారణం. బంధువుల ఇంటికి వెళ్ళొచ్చేలోపు ఇల్లు అమ్మేస్తే ఎలా ఉంటుందో మనకి బాగా తెలుసు, మనలో కొందరి స్థలాలు హైదరాబాద్‌లో అలాగే పోయాయి. (నవ్వులు) నవ్వకండి, నిజమే కదా. ఆయన కాపాడిన తెల్లవాళ్ళే సిగ్గుపడి చందాలు వేసుకుని, ఆయనకి 20 ఎకరాలు కొనిచ్చారు. 1859లో పోయాడు. మారిస్‌లో సమాధి ఉంది.

షబ్బోనా జనానికి వారసులైన ప్రెయిరీ బ్యాండ్‌వాళ్ళు ఊరుకోలేదు. ఆ నేల మాదే, అమ్మడానికి మీకు హక్కు లేదు అని అడుగుతూనే ఉన్నారు. అడిగి అడిగి, ఇవ్వకపోతే తమ డబ్బుతో తామే కొనుక్కోవడం మొదలుపెట్టారు. తన నేల తానే కొనుక్కోవడం. 2024 ఏప్రిల్‌లో అందులో 130 ఎకరాలని కేంద్ర ప్రభుత్వం తెగ నేలగా మళ్ళీ గుర్తించింది. ఇల్లినాయ్‌లో ఇప్పుడు అలాంటి నేల అదొక్కటే. 2025 మార్చిలో షబ్బోనా చెరువు పార్కు మొత్తం, దాదాపు 1,500 ఎకరాలు, తెగకి ఇచ్చేలా గవర్నర్ చట్టం మీద సంతకం పెట్టాడు. 175 ఏళ్ళు. మన దగ్గర భూమి తగాదాలు తాత పెడితే మనవడు తేలుస్తాడంటాం. ఇది ఏడు తరాలు.

ఆ వార్త వచ్చిన రోజు నా స్నేహితురాలికి ఫోను చేశాను, కంగ్రాట్స్ అన్నాను. "అది ప్రెయిరీ బ్యాండ్‌వాళ్ళది, మాది కాదు" అంది ముందు. కాసేపాగి, "నువ్విప్పుడు నినాన్ అన్నావా, గినాన్ అన్నావా?" అని అడిగింది. నేను ఇంగ్లీషులో మాట్లాడుతున్నాను, ఏమన్నానో నాకే తెలియలేదు.

నేను చెప్పదలచుకున్నవి అయిపోయాయి. ఎవరైనా ఏదైనా అడుగుతారా?

ఆఁ, బాబాయ్ గారు. క్యాసినోల సంగతా? అవును, వాళ్ళకి క్యాసినోలు ఉన్నాయి. 1988లో చట్టం వచ్చింది, ఆ తరవాత. నాకు జూదం ఇష్టం లేదు, కానీ ఒకటి చెప్తాను. 1970ల మొదట్లో సిటిజన్ పొటవాటమీల తెగ మొత్తానికి ఉన్న ఆస్తి రెండున్నర ఎకరాలు, బ్యాంకులో 550 డాలర్లు అని వాళ్ళ నాయకులు చెప్తుంటారు. ఇప్పుడు ఆసుపత్రి ఖర్చులకి, పిల్లల చదువులకి, ఆ బుధవారం క్లాసుకి జీతం ఇచ్చేది ఆ డబ్బే. మన ఊళ్ళలో మద్యం ఆదాయంతో బడులు నడవట్లేదా ఏమిటి?

నువ్వా అమ్మా? చెప్పు. కథలా? వాళ్ళకి విస్కే అని ఒకడున్నాడు, మన తెనాలి రాముడికి కాస్త దేవుడి అంశ ఉంటే ఎలా ఉంటాడో అలా. కానీ ఆ కథలు నేల మీద మంచు ఉన్నప్పుడే చెప్పుకోవాలట. ఇప్పుడు మే నెల. జనవరిలో గుర్తు చెయ్యి, వచ్చి చెప్పేవాళ్ళని ఎవరినైనా పిలుద్దాం.

ఇంకెవరు? వెనక, నీలం చొక్కా బాబు. షబ్బోనా చెరువుకి ఇప్పుడు మనం వెళ్ళొచ్చా అనా? వెళ్ళొచ్చు నాన్నా. తెగవాళ్ళు అందరికీ తెరిచే ఉంచుతామన్నారు. చేపలు పట్టొచ్చు, నడవొచ్చు. వచ్చే నెల మొదటి శనివారం మనకి బడి లేదు. నేనూ, మా వారూ, నా స్నేహితురాలూ వెళ్తున్నాం. మా వ్యాన్‌లో ఇంకో నలుగురికి చోటుంది, పేర్లు ఇవ్వండి. పులిహోర నేను తెస్తాను. మంచినీళ్ళు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి.